టోక్యోలో ఇజకాయా: చైన్ షాపా, పేటలో చిన్న కొట్టా, నిలబడి తాగే చోటా?

శుక్రవారం సాయంత్రం ఏడు దాటింది. ఆఫీసు నుంచి, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లోని ఇంటికి తోజాయ్ మెట్రో లైన్‌లో వస్తూ మధ్యలో మొంజెన్ నకాచోలో దిగారనుకోండి. మెట్లెక్కి రోడ్డు మీదికి రాగానే మూడు రకాల దీపాలు కనిపిస్తాయి. ఒకటి, బిల్డింగులో పై అంతస్తు నుంచి మెరుస్తున్న చైన్ ఇజకాయా (తాగుతూ తినే జపాన్ కొట్టు) బోర్డు. రెండోది, పక్క సందులో వేలాడుతున్న ఎర్ర కాగితపు లాంతరు, దాని వెనక సగం దాకా దిగిన గుడ్డ తెర. మూడోది, కుర్చీలే లేని చిన్న కొట్టు. లోపల జనం భుజాలు రాసుకుంటూ నిలబడే తాగుతుంటారు. మూడూ ఇజకాయా కుటుంబమే. కానీ ఎందులో దూరారన్నదాన్ని బట్టి ఆ రాత్రి ఖర్చు, తిండి, మాటలు అన్నీ మారిపోతాయి.

ఇజకాయా అనే మాటలో ‘సకాయా’ అంటే మద్యం అమ్మే కొట్టు, ‘ఇ’ అంటే అక్కడే ఉండటం. ఎదో కాలంలో (టోక్యో పాత పేరు ఎదో, మన ‘ఏదో’ కాదు) సాకె కొట్లవాళ్లు కొన్నవాళ్లను అక్కడే తాగనివ్వడంతో ఇవి మొదలయ్యాయి. మన లెక్కలో వైన్స్‌ని ఆనుకుని ఉండే పర్మిట్ రూమ్ అన్నమాట. పోలిక అంతవరకే. పర్మిట్ రూమ్‌కి ఇంట్లోవాళ్లను తీసుకెళ్లం. ఇజకాయాకి ఆడవాళ్లు ఒంటరిగా కూడా వస్తారు, ఒక గ్లాసు, రెండు ప్లేట్లు కానిచ్చి ఇంటికి పోతారు. మనం మంచింగ్ అనేదాన్ని వాళ్లు ఒత్సుమామి అంటారు. మంచి ఇజకాయాలో ఆ మంచింగ్ కోసమే జనం వస్తారు.

నాకు తెలిసిన తెలుగువాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఇక్కడ ఉండి కూడా చైన్ షాపు దాటి వెళ్లలేదు. ఆఫీసు పార్టీకి లాక్కెళ్తే వెళ్తారు, లేదంటే నిషికసాయ్‌లోనే మన హోటలు. భాష రాదన్న టెన్షన్, మెనూలో ఏ మాంసం ఉందోనన్న టెన్షన్. రెండూ నిజమైనవే. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: ముందు ఒకట్రెండు సార్లు చైన్‌లో కూర్చుని వరస నేర్చుకోండి, ఆ తర్వాత మీ పేటలోనే ఒక చిన్న కొట్టు పట్టుకోండి. ఏది మంచిదని అడిగితే నా ఓటు చిన్న కొట్టుకే. కానీ ఎవరితో వెళ్తున్నారన్నది తేలకుండా ఆ ఓటు పనికిరాదు.

ఎనిమిది మంది కలిస్తే చైనే

చైన్ షాపుల్లో బల్ల మీద టాబ్లెట్ ఉంటుంది, లేదా ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్ ఉంటుంది. బొమ్మలు చూసి నొక్కడమే. ఇంగ్లిష్ మెనూ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. ఎవరితోనూ మాట్లాడకుండా తిని, తాగి, బిల్లు కట్టి బయటికి రావచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది పెద్ద వరం.

ఉదాహరణకి తొరికిజోకు. 1985లో ఒసాకా పక్కనే ఉన్న హిగాషి ఒసాకాలో మొదలైన యాకితోరి చైన్. కోడి ముక్కలు పుల్లలకి గుచ్చి కాల్చినవే అక్కడ ముఖ్యం. తాగేదైనా తినేదైనా దాదాపు అన్నిటికీ ఒకే ధర అన్నది దాని పేరు నిలబెట్టిన ఎత్తు. చాలా ఏళ్లు 280 యెన్‌ల దగ్గర ఆగిన ఆ ధర 2017లో 298 అయినప్పుడు అది జపాన్‌లో పెద్ద వార్తే అయింది. తర్వాతా పెరుగుతూనే ఉంది. అయినా ఇన్ని ప్లేట్లు, ఇన్ని గ్లాసులు అని వేళ్ల మీద లెక్కేసి బిల్లు ముందే చెప్పేయొచ్చు. ఈ నిశ్చింత చిన్న కొట్లలో ఉండదు.

నొమిహోదాయ్ గురించి మాత్రం కాస్త లెక్క వేసుకోండి. అంటే గంటన్నరో రెండు గంటలో ఎంత తాగినా ఒకే రేటు, చాలాచోట్ల 1,500 నుంచి 2,500 యెన్‌ల మధ్య. గ్లాసు బీరు 500 అనుకుంటే, 2,000 కట్టినవాడికి నాలుగో గ్లాసుతో గానీ డబ్బు గిట్టదు. ఆఖరి ఆర్డరు టైము అయిపోయే అరగంట ముందే ఆపేస్తారు. అసలు మెలిక వేరే ఉంది. చాలాచోట్ల బల్ల దగ్గర ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలి. మన గుంపులో తాగనివాళ్లు ఇద్దరుంటే ఆ ఇద్దరి డబ్బూ టీ నీళ్లలో పోసినట్టే. కొన్నిచోట్ల తాగనివాళ్లకి తక్కువ రేటు ప్లాన్ విడిగా ఉంటుంది, ముందే అడగండి. నలుగురూ గట్టిగా తాగేవాళ్లయితేనే తీసుకోండి. లేదంటే ఎవరి గ్లాసుకి వాళ్లే.

తిండి? ఉన్నమాట చెప్పాలంటే ఫర్వాలేదు, అంతే. ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి. ఆ రాత్రి ఏం తిన్నామో వారం తర్వాత గుర్తుండదు. డిసెంబర్‌లో బోనెన్‌కాయ్‌లు, అంటే ఏడాది చివరి ఆఫీసు పార్టీలు జరిగే రోజుల్లో, బుకింగ్ లేకుండా శుక్రవారం చైన్‌లో కూడా చోటు దొరకదు.

ఎర్ర లాంతరు కింద

ఇక చిన్న కొట్టు. కౌంటర్ చుట్టూ ఏడెనిమిది స్టూళ్లు, వెనక రెండు బల్లలు. కౌంటర్ అవతల కాల్చే పొయ్యి, దాని ముందు యజమాని. ఆయన్ని తాయిషో అని పిలుస్తారు, ఆడమనిషి నడిపితే ఒకామి సాన్. గోడ నిండా కాగితం ముక్కల మీద చేత్తో రాసిన వంటకాల పేర్లు. వాటిలో సగం ఆ సీజన్ చేపలే ఉంటాయి.

తెర తప్పించి లోపలికి తల పెట్టగానే అన్ని వైపుల నుంచీ ‘ఇరాష్షాయ్’ అన్న కేక వస్తుంది. ఉలిక్కిపడకండి, రండి రండి అనే. ఎంతమంది అన్నది వేళ్లతో చూపిస్తే చాలు. ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. ఆరుగురం కలిసి, ఫోన్ కూడా చేయకుండా, పది సీట్లున్న ఒక కొట్లోకి వెళ్లాం. ఒకామి సాన్ మమ్మల్ని చూసి, రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డం పెట్టింది. కోపం కాదు, చోటు లేదని. అప్పుడు మాత్రం మాకు మొహం మాడిపోయింది. అలాంటి కొట్టు కుదిరేది ఇద్దరు కలిసి వెళ్తే, మహా అయితే ముగ్గురు. అంతకు మించితే ముందురోజే ఫోన్ చేయాలి. కొన్నిసార్లు సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా కాదంటారు. అవి బుక్ అయి ఉండొచ్చు, లేదా మనతో ఏ భాషలో మాట్లాడాలో తెలియక వాళ్లే బెదిరి ఉండొచ్చు. ‘ఫుతారి దెస్, ఇయ్ దెస్ కా?’ అని అడగండి. ఇద్దరం, రావచ్చా అని. ఆ ఒక్క ముక్కతో మొహాలు మారడం చాలాసార్లు చూశాను.

కూర్చోగానే వేడి తడి తువ్వాలు ఇస్తారు, చేతులు తుడుచుకోవడానికి. వెంటనే అడగని చిన్న గిన్నె ఒకటి ముందు పెడతారు. ఉడికించిన కూర కావచ్చు, చిన్న చేపలు కావచ్చు. దీన్ని ఒతోషి అంటారు, ఒసాకా వైపు త్సుకిదాషి. తలకి 300 నుంచి 500 యెన్‌లు బిల్లులో పడుతుంది. మోసం చేశారని మనవాళ్లు గొడవపడేది దీని దగ్గరే. కూర్చున్నందుకు రుసుము అనుకోండి, తినడానికి కూడా ఏదో ఇచ్చారనుకోండి. జపాన్‌లో టిప్పు లేదు కాబట్టి లెక్క సరిపోతుంది. తొరికిజోకులో ఈ ఒతోషి ఉండదు. చైన్ వైపు మొగ్గేవాళ్లు గట్టిగా చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఆర్డరు మన బిర్యానీ హోటల్లోలా ఒకేసారి ఇవ్వకూడదు. ముందు తాగేది చెప్పాలి. అందుకే జపాన్‌వాళ్లు మెనూ తెరవకుండానే ‘తొరియాఎజు బీరు’ అంటారు, ప్రస్తుతానికి బీరు అని. అది వచ్చాక రెండు ప్లేట్లు, అవి సగం అయ్యాక ఇంకో రెండు. అన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని పంచుకు తింటారు. ‘మాది, మీది’ ఉండదు. ఇది మనకి కొత్తేమీ కాదు.

ఇంకో వింత, ఇక్కడ అరవాలి. రైల్లో ఫోన్ మాట్లాడితే తప్పుగా చూసే ఊళ్లో, ఇజకాయాలో మాత్రం ‘సుమిమాసెన్!’ అని గొంతెత్తి పిలవకపోతే ఎవరూ రారు. పక్కవాళ్ల నవ్వులు, పొయ్యి చిటపటలు, ఆర్డరు కేకలు, వీటన్నిటి మీదుగా పిలవాలి. రెండో గ్లాసు నాటికి పక్క స్టూలు మీది పెద్దాయన ఏ ఊరు మీది అని అడుగుతాడు. ఇండియా అనగానే ఆయనకి తెలిసిన ఒకే ఒక్క ఇండియన్ వంటకం గురించి పావుగంట చెబుతాడు. చైన్ షాపులో మూడేళ్లు కూర్చున్నా ఇది జరగదు. నేను చిన్న కొట్టుకి ఓటు వేసేది అందుకే.

లోపాలూ చెప్పాలి. గోడ మీద కొన్ని చేపల పక్కన ధర ఉండదు, ఆ రోజు మార్కెట్ రేటన్నమాట. ధర అడగకుండా ఆర్డరు చెప్పకండి. కొన్ని కొట్లు కార్డు తీసుకోవు, జేబులో నోట్లుండాలి. మనిషికి 3,000 నుంచి 5,000 యెన్‌లు అవుతుందనుకుని వెళ్లండి. జనం నిలబడి ఎదురుచూస్తుంటే ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని కబుర్లు సాగదీయడం మర్యాద కాదు.

పిల్లలతో వెళ్లేవాళ్లు సిగరెట్ల సంగతి తప్పక చూసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి జపాన్‌లో హోటళ్లలో పొగ తాగడం చట్టం ప్రకారం నిషేధం. అయితే అప్పటికే నడుస్తున్న చిన్న కొట్లకి మినహాయింపు ఇచ్చారు. అలాంటి కొట్లో పొగకి అనుమతి ఉంటే 20 ఏళ్ల లోపువాళ్లు లోపలికి రాకూడదు, పసిపిల్లలతో సహా. గుమ్మం దగ్గర స్టిక్కర్ ఉంటుంది. దాన్ని చూడకుండా వెళ్లి వెనక్కి రావడం కంటే, పిల్లలుంటే సరాసరి చైన్‌కే వెళ్లండి. అక్కడ చాలావాటిలో పొగ తాగేవాళ్లకి విడి గది ఉంటుంది, కొన్నిచోట్ల తలుపున్న చిన్న గదులు మనకిస్తారు, పిల్లలు అల్లరి చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పులు విప్పి కూర్చునే చోట్లూ ఉంటాయి, చిరుగు మేజోళ్లు వేసుకుని వెళ్లకండి.

నిలబడి తాగే చోటు

తాచినొమి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చవక, వేగం. 1,000 యెన్‌లతో మత్తెక్కుతుందని వీటికి ‘సెంబెరో’ అనే పేరు కూడా ఉంది. కొన్నిచోట్ల ముందున్న పళ్లెంలో డబ్బు పెట్టేస్తే, ఒక్కో గ్లాసు ఇచ్చినప్పుడల్లా అందులోంచి తీసుకుని చిల్లర వేస్తారు. అరగంట, ముప్పావు గంట, అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు, రైలుకి ముందు కాస్త టైము ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు. ల్యాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుని వెళ్తే మాత్రం వెనకవాడి గ్లాసు కింద పడటం ఖాయం. క్యూషూలోని కితాక్యూషూ వైపు వెళ్తే మద్యం కొట్టు మూలనే నిలబడి తాగే ‘కాకు ఉచి’ ఇప్పటికీ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పొద్దున్నే అక్కడ ఒక గ్లాసు వేసుకుని ఇంటికి పోయేవారు.

షింజుకులో ఒమొయిదె యోకోచో లాంటి పేరున్న సందులు నాలుగో రకం. యుద్ధం తర్వాత నల్లబజారుగా మొదలైన చోటు. పొగ, లాంతర్లు, ఇరుకు, ఫొటోలకి బ్రహ్మాండం. ఒకసారి నడిచి చూడండి. తినడానికి మాత్రం నేను అక్కడ ఆగను. టూరిస్టుల తాకిడితో ఆరుబయటి క్యూలు, కొన్ని కొట్లలో సీటుకి విడిగా రుసుము. అక్కడి నుంచి బార్లు, క్లబ్బుల పేట కబుకిచోకి దాటితే రోడ్డు మీద ‘నొమిహోదాయ్, నొమిహోదాయ్’ అంటూ వెంటపడేవాళ్లుంటారు. వాళ్ల వెంట వెళ్లకండి అని వీధి మైకుల్లో హెచ్చరిస్తూనే ఉంటారు. బిల్లు చూశాక ఎందుకో అర్థమవుతుంది.

మన కడుపుకి ఏది పడుతుంది

ఎక్కడికి వెళ్లాలన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. కోడి తినేవాళ్లకి ఏ బెంగా లేదు. కరాఆగె మన చికెన్ పకోడీకి చుట్టమే, నిమ్మకాయ పిండుకుని తినాలి. యాకితోరిలో నెగిమా అంటే కోడి ముక్క, ఉల్లికాడ కలిపి గుచ్చింది. త్సుకునె అంటే కైమా ఉండలు. సునగిమో కందనకాయ, హాత్సు గుండెకాయ, రెబా లివర్, కవా స్కిన్. ఆదివారం కోడి తెస్తే కందనకాయ కోసం కొట్టుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, సునగిమోని ఉప్పుతో కాల్చమనండి. ఉప్పుకి షియో, తియ్యటి సాసుకి తారె. కారం కావాలంటే షిచిమి తొగరాషి అడగండి, ఏడు దినుసులు కలిపిన మిరప్పొడి. మన నాలుకకి అది వాసన మాత్రమే అనిపిస్తుంది. అయినా ఆవకాయ సీసా బయటికి తీయకండి.

గొడ్డుమాంసం, పంది తినని వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. యాకితోరి అన్న బోర్డు ఉన్నంత మాత్రాన అంతా కోడి కాదు. హొక్కైదోలోని మురొరాన్‌లో, సాయితామాలోని హిగాషి మత్సుయామాలో యాకితోరి అంటే పందిమాంసమే పెడతారు. టోక్యోలో కూడా చాలా కొట్లు కోడితో పాటు యాకితోన్, అంటే పంది పుల్లలు కాలుస్తాయి. మోత్సు అని కనిపిస్తే అది మన బోటీ లాంటిది, పందిదో ఆవుదో. పంది ‘బుతా’, ఆవు ‘గ్యూ’, కోడి ‘తొరి’. ఈ మూడు మాటలు చాలు, పుల్ల వైపు వేలు చూపించి అడగండి. హలాల్ చూసుకునేవాళ్లకి మాత్రం ఇజకాయా కష్టం. సాసులోనే మిరిన్ అనే మద్యం కలుస్తుంది.

శాకాహారులకి అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. మెనూలో కూరగాయలు బోలెడు కనిపిస్తాయి, కానీ దషి అనే రసం ఎక్కువగా చేపతోనే కాస్తారు. వంకాయలోనూ, ఆమ్లెట్‌లోనూ, అగెదాషి తోఫు మీదా అదే. చల్లటి తోఫు మీద కూడా ఎండు చేప పొట్టు చల్లుతారు. వద్దంటే తీసేసి ఇస్తారు. కచ్చితంగా తినగలిగేవి ఎదమామె (ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు), ఉప్పుతో కాల్చిన షిషితో మిరపకాయలు, ఫ్రైస్, కొన్నిచోట్ల కాల్చిన పుట్టగొడుగులు. ఇవి చైన్‌లో బొమ్మతో సహా కనిపిస్తాయి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు, వాళ్లు మాంసం ముట్టనివాళ్లయితే, చిన్న కొట్టు ఆలోచన మానుకోండి. తాయిషో ఒక్కడే వండుతూ, వడ్డిస్తూ ఉంటాడు. ఆయన్ని పది ప్రశ్నలు అడగడం ఆయనకీ ఇబ్బంది, మనకీ ఇబ్బంది.

తాగనివాళ్లు ఊలాంగ్ టీ తెప్పించుకుంటారు. అచ్చం అదే రంగులో, అదే గ్లాసులో ఊలాంగ్ హాయ్ అనేది వస్తుంది, అందులో షోచూ అనే జపాన్ సారా ఉంటుంది. పేరు చివర ‘హాయ్’ వినిపిస్తే మందు ఉన్నట్టే. తాగేవాళ్లు పాత కొట్లలో హొప్పీ చూడండి. 1948లో టోక్యోలో మొదలైన, మత్తు దాదాపు లేని బీరు లాంటి పానీయం. దాన్ని షోచూ ఉన్న గ్లాసులో పోసుకుంటారు. సీసాలో ఇంకా మిగిలి ఉండి గ్లాసులో షోచూ అయిపోతే ‘నకా’ అంటే చాలు, అది మాత్రమే మళ్లీ పోస్తారు. చాలా కొట్లలో ఇది బీరు కన్నా చవగ్గా పడుతుంది.

మన భోజనం పెరుగన్నంతో ముగిసినట్టు ఇక్కడ తాగుడు ‘షిమె’తో ముగుస్తుంది. చిన్న కొట్లలో దీన్ని వదలకండి. నిప్పుల మీద కాల్చిన అన్నం ముద్ద, లేదా అన్నం మీద వేడి టీ పోసిన ఒచాజుకె. చైన్‌లో అయితే దీనికి బదులు నూడుల్స్ నయం.

తిరిగి వెళ్లేది రైల్లోనే అనుకోండి. అర్ధరాత్రి దాటిన కాసేపటికే తోజాయ్ లైన్ ఆగిపోతుంది, టాక్సీ బిల్లు ఇజకాయా బిల్లుని మించినా మించవచ్చు. స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టి వచ్చినవాళ్లు ఆ రాత్రికి దాన్ని నడిపించుకుంటూ పోండి. 2024 నవంబర్ నుంచి ఒళ్లు తెలియకుండా కాకపోయినా, కాస్త తాగి సైకిల్ తొక్కినా శిక్ష పడొచ్చు.

కాబట్టి ఆఫీసు గుంపు, పిల్లలు, శాకాహారం, వీటిలో ఒక్కటున్నా పై అంతస్తు చైన్‌కి లిఫ్టెక్కండి. ఒక్కరే ఉండి రైలుకి నలభై నిమిషాలుంటే నిలబడి తాగండి. ఇద్దరే ఉండి, కోడీ చేపా తినేవాళ్లయితే ఎర్ర లాంతరు వైపు నడవండి. వీలైతే శుక్రవారం వద్దు, మంగళవారమో బుధవారమో. తాయిషోకి మాట్లాడే తీరిక ఉంటుంది. లేచేటప్పుడు రెండు చూపుడువేళ్లు ఇంటూ గుర్తులా పెట్టి చూపించండి. మా ఆరుగురికీ ఒకామి సాన్ చేతులతో చూపించింది కాదు ఇది, బిల్లు ఇవ్వమని.